ఎవరి బార?

నా చిన్నప్పుడు మా ఇంట్లో టేపు ఉండేది కాదు, స్కేలుబద్ద అంతకన్నా లేదు. కొలవాల్సినవన్నీ ఒంటితోనే కొలుచుకునేవాళ్ళం. వల కన్ను రెండు వేళ్ళు, ఎండుచేప జానెడు, పూలదండ మూరెడు. పూలమ్మే ఆవిడ తన పొట్టి చేత్తో కొలిచి ఇస్తే మా అమ్మ తన చేత్తో మళ్ళీ కొలిచి చూసి, మొహం అదోలా పెట్టి, ఇంకో నాలుగు మొగ్గలు కొసరు వేయించుకునేది. తాడు, సముద్రం లోతు మాత్రం బారల్లోనే. రెండు చేతులూ బారజాపి నిలబడితే ఈ నడిమివేలి కొస నుంచి ఆ నడిమివేలి కొస దాకా ఎంతుంటుందో అది ఒక బార.

మాది విశాఖపట్నంలో అలలకి బాగా దగ్గరగా ఉండే జాలరిపేట. మా గుమ్మంలో కూర్చుంటే కుడిచేతి వైపు లైట్‌హౌస్ కొండ, దాని ముందు పోర్టులోకి పిలుపు కోసం కాచుకుని ఉన్న ఓడలు కనబడేవి. పొద్దున్నే మంచు పట్టినప్పుడు ఆ ఓడల కింద నీళ్ళు కనబడేవి కావు. గాల్లోనే నిలబడి ఉన్నాయనిపించేది. వాటిని చూస్తూ చూస్తూ నోట్లో పళ్ళపొడి సంగతే మరిచిపోయి అమ్మ చేత తిట్లు తినేదాన్ని. ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే నీళ్ళ అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టుంటుంది. ముఖాలు కొంచెం కదులుతూ ఉంటాయి, మాటలు కొంచెం ఆలస్యంగా చెవిన పడతాయి. అయినా ఒక్క ప్రశ్న మాత్రం ఇప్పుడే ఎవరో పక్కన నిలబడి అడిగినంత స్పష్టంగా వినబడుతుంది.

"ఎవుల బార?"

మా పేటలో అందరి నోటా నలిగే ప్రశ్న అది. ఎవరైనా వేట నుంచి వచ్చి, ఫలానా చోట పన్నెండు బారల నీరుందని చెబితే, వినేవాడు వెంటనే ఎవరి బార అని అడిగేవాడు. ఎందుకంటే చేతులు అందరికీ ఒక్కలా ఉండవు కదా. పొట్టివాడి పన్నెండు బారలు పొడుగువాడికి పదే కావచ్చు. ఫలానావాడి బార అని తెలిస్తే చాలు, మనసులోనే హెచ్చించో తగ్గించో లోతు తెలుసుకునేవారు. చదువు రానివాళ్ళు కూడా ఆ లెక్కలో తడబడగా నేను చూడలేదు.

పేట మొత్తానికి పెద్ద బార మా తాతయ్యది. అమ్మకి నాన్న. మా నాన్న ఓడల మీద పనికి వెళ్ళి నెలల తరబడి వచ్చేవాడు కాదు కనుక అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్ళం. తాతయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. కొత్త తాడు ఎవరు తెచ్చుకున్నా కొలవడానికి మా గుమ్మంలోకే వచ్చేవారు. ఆయన తాడు పట్టుకుని చేతులు చాపుతూ, ముడుస్తూ, చాపుతూ ఉంటే పెద్ద కొంగ ఒకటి ఎగరాలా వద్దా అని ఆలోచిస్తోందేమో అనిపించేది నాకు.

ఆయన కొడుకే మా మావయ్య. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నవ్వు మొహం, దువ్విన జుట్టు, సినిమా పిచ్చి. తాతయ్య దగ్గర ఉన్న నావ మీద అతనికి ప్రాణం. రోజూ సాయంత్రం దాన్ని కడిగి, కొబ్బరిపీచుతో తోమి, దానితో ఏవో కబుర్లు చెప్పుకునేవాడు. కానీ చుక్కాని మాత్రం తాతయ్య చేతుల్లోంచి అతని చేతుల్లోకి ఎప్పుడూ రాలేదు. "ఈడికింకా నీరు తెలీదు" అనేవాడు తాతయ్య. ఆ మాట వచ్చినప్పుడల్లా మావయ్య మెడ వంచుకుని జుట్టు దువ్వుకునేవాడు.

ఒక సంవత్సరం నావని ఇసక మీదకి లాగుతుంటే తాతయ్య కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. అదే సమయానికి కొత్త వలని మొదటిసారి నీళ్ళలో వెయ్యాల్సి వచ్చింది. ఆ వల గురించి చెప్పాలి. అది మా అమ్మమ్మ అల్లిన ఆఖరి వల. మంచాన పడ్డాక కూడా నూలు వదల్లేదు. వల కన్ను ఎంతుండాలో ఆవిడ తన రెండు వేళ్ళకి దారం చుట్టి కొలిచేది. ఆఖరి వరసలు అల్లుతుంటే వేళ్ళు సన్నబడిపోయి వల కళ్ళు కూడా చిన్నవయ్యాయని అమ్మ చెప్పేది. వల పూర్తయిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. ఏడాది గడిచినా తాతయ్య దాన్ని ముట్టుకోనివ్వలేదు. చివరికి ఒక గురువారం పొద్దున్న మూట విప్పి మావయ్య ముందు పెట్టాడు.

వలని సాయంత్రం సముద్రంలో పరిచి, కొట్టుకుపోకుండా ఒక కొసకి తాడుతో పెద్ద రాయి కట్టి అడుక్కి దింపి వచ్చేస్తారు. తెల్లారి వెళ్ళి తీసుకుంటారు. చుక్కాని మొదటిసారి మావయ్యకి ఇస్తూ తాతయ్య చెప్పింది రెండే మాటలు.

"అక్కడ నీరు పదారు బారలు. తాడు ఇరవై ఉండాల."

నీరు లాగినప్పుడు తాడు వాలుతుంది కనుక నాలుగు బారలు ఎక్కువ. అది చెప్పి, భుజానికి కట్టు కట్టించుకోవడానికి అమ్మని తోడు తీసుకుని తగరపువలస బస్సెక్కాడు. ఇంట్లో నేనూ మావయ్యా మిగిలాం. కాసేపటికి వీధిలోంచి స్నేహితుల ఈల వినబడింది. ఆ రోజు మేట్నీకి కొత్త సినిమా.

మావయ్య తాడు చుట్ట నా ముందు పెట్టి, నా గడ్డం పట్టుకున్నాడు. "బంగారుతల్లివి కదే. ఇరవై బారలు కొలిసెట్టు. నాను సిటికెలో వొచ్చెత్తాను" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. అంత పెద్ద పని నా చేతికి ఎవరూ ఇవ్వలేదు అంతవరకూ. తాతయ్య నిలబడే చోటే నిలబడ్డాను. తాతయ్యలాగే కాళ్ళు ఎడంగా పెట్టాను. ఒక్కో బారకీ ఒక్కో చింతపిక్క ఇసకలో పెట్టుకుంటూ, మధ్యలో ఎవరు పిలిచినా పలక్కుండా, ఇరవై కొలిచాను. చేపలు తరిగే కత్తితో తాడు కోశాను. చేతులు నొప్పి పుట్టినా ఆ మధ్యాహ్నం నేనే తాతయ్యనైపోయాను.

పొద్దు వాలుతుండగా మావయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. తాడు వైపు చూడనైనా లేదు.

"ఇరవయ్యేనేటే?"

"ఇరవయ్యే మావా. కావాలంటే పిక్కలు లెక్కెట్టుకో."

అతను వంగి పిక్కలు లెక్కపెట్టాడు. ఇరవై ఉన్నాయి. నా బుగ్గ గిల్లి, తాడు భుజాన వేసుకుని, మరో ఇద్దరితో కలిసి నావ తోసుకుపోయాడు.

తెల్లారి వెళ్ళేసరికి వల లేదు. కొండ మీది లైట్‌హౌస్‌నీ ఒడ్డునున్న గుడి గోపురాన్నీ గుర్తు పెట్టుకుని సరిగ్గా ఆ చోటికే వెళ్ళారు. నీళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు చదునుగా ఉన్నాయట. భీమిలి వైపు మధ్యాహ్నం దాకా వెతికి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మావయ్య నావ దిగి అక్కడే తడి ఇసకలో కూర్చుండిపోయాడు.

తాతయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. "తాడు ఇరవై ఉందా?" అని అడిగాడు. "ఉంది నాన్నా" అన్నాడు మావయ్య. "రాయి నేల తాకిందా?" అంటే, "తాకిందనుకున్నాను. నీరు లాగుతుంటే తెలవలేదు" అన్నాడు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశాను. చెప్పలేదు. నన్ను కాపాడాడో, తన సినిమాని కాపాడుకున్నాడో అప్పుడు నాకు తెలియలేదు. పెద్దయ్యాక అడిగితే "రెండూనే" అని నవ్వాడు.

తాతయ్య సముద్రం వైపు చూస్తూ, "వల పోతే ఇంకోటి అల్లుకుంతాం. మీ యమ్మ సేతి యేళ్ళు ఎక్కణ్ణుంచి తెత్తాం?" అన్నాడు. తర్వాత మావయ్య వైపు తిరగకుండానే తీర్పు చెప్పేశాడు. సోమవారం నుంచి మావయ్య పోర్టులో మూటలు మొయ్యాలి. నావ ఎక్కకూడదు. "నీళ్ళ మీద నీకేటి పని లేదు" అన్నాడు. మా పేటలో మగవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ లేదు. మావయ్య జుట్టు కూడా దువ్వుకోలేదు ఆ రోజు.

నాకు అన్నం దిగలేదు. నా పిక్కలు నా దగ్గరే ఉన్నాయి. తీసి లెక్కపెట్టుకున్నాను. ఇరవై. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవయ్యే. నేను తప్పు చేశానని నా ఒళ్ళంతా చెబుతోంది, తప్పు మాత్రం ఎక్కడా కనబడటం లేదు. చేసిన తప్పు తెలిస్తే కనీసం ఏడవచ్చు. నాకు అది కూడా లేకపోయింది.

శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషు ట్యూషన్. చర్చి పక్క వీధిలో ఉండే టీచరమ్మ మా పేట పిల్లలకి తన వరండాలో ఊరికే చదువు చెప్పేది. ఆవిడ భర్త పోర్టులో నీటి లోతు చూసే పడవ మీద పని చేసేవారు. ఆవిడ దగ్గర గుడ్డ అట్ట కుట్టిన లావుపాటి నిఘంటువు ఉండేది. ఇంగ్లీషు మాట ఏది తగిలినా అర్థంతో సరిపెట్టేది కాదు. "ప్రతి మాటకీ ఒక కన్నవారిల్లు ఉంటుంది. అది చూసొస్తే గానీ మాట మనతో మనసు విప్పి మాట్లాడదు" అనేది. మిగతా పిల్లలు ఆ సమయంలో ఆవులించేవారు. నాకు మాత్రం మాటలు బస్సెక్కి వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి వెళ్తున్నట్టు కనబడేవి.

ఆ రోజు మిగతా పిల్లలెవరూ రాలేదు. పాఠంలో ఒక రాజు, మాట్లాడకుండా కూర్చున్న మంత్రి ఉన్నారు. రాజు మంత్రి మౌనాన్ని 'ఫాదమ్' చెయ్యలేకపోయాడని ఉంది. నేను చదవడం ఆపేశాను. టీచరమ్మ నా మొహం చూసింది, చింతపిక్కలు దాచుకున్న నా గుప్పిట్లో ఏముందని అడగలేదు. నిఘంటువు తెరిచి ఒళ్ళో పెట్టుకుంది.

లోతు తెలుసుకోవడం, అంతు కనుక్కోవడం, అంది. మామూలు మాటల్లో దాన్ని అంతగా వాడరట, పుస్తకాల్లో తప్ప. "కానీ దీని కన్నవారిల్లు ఎక్కడో తెలుసా?" అని, నిఘంటువు పక్కన పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులూ చాపింది. "ఇదిగో, ఇక్కడ."

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటకి చాపిన చేతులని అర్థమట. క్రియగా వాడితే చేతులు చుట్టి హత్తుకోవడం. తల్లి బిడ్డని, స్నేహితుడు స్నేహితుణ్ణి 'ఫాదమ్' చేసేవారట. తర్వాత ఓడలవాళ్ళు అదే చేతుల చాపుతో తాళ్ళు కొలవడం మొదలుపెట్టారు. తాడుతో సముద్రం లోతు కొలిచారు. ఆ లోతు కొలవడమే మెల్లగా మనుషుల లోతు కనుక్కోవడం దాకా వచ్చింది. హత్తుకోవడం మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. "ఇప్పుడు ఆ మాటతో ఎవరూ ఎవరినీ కౌగిలించుకోరు" అంది టీచరమ్మ, ఎవరో పోయారని చెబుతున్న గొంతుతో.

నేను గోడకి ఆనుకుని వింటున్నాను. బయట ఓడ ఒకటి కూత వేసింది. చేతులు చాపుకున్న మనుషులు వరసగా ఆ కొండ మీంచి నీళ్ళలోకి దిగుతున్నట్టు అనిపించింది నాకు. అది మా బారే. మా తాతయ్య బారే. ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంది. ఆలోచించకుండానే నా నోట్లోంచి మా పేట ప్రశ్న వచ్చేసింది.

"ఎవుల బార టీచరమ్మా?"

ఆవిడ పకపకా నవ్వింది. నేను అడిగింది చాలా గొప్ప ప్రశ్న అంది. ఓడలవాళ్ళు కూడా అదే తగాదా పడి పడి చివరికి ఆరడుగులని ఖాయం చేసుకున్నారట. అని, వరండాలో బట్టలు ఆరేసుకునే తాడు విప్పింది. ఆ తాడుని నేను ఎన్నోసార్లు చూశాను. దానికి అక్కడక్కడ తోలుముక్కలు, రంగుగుడ్డ పేలికలు కట్టి ఉండేవి. అలంకారమనుకునేదాన్ని. అది వాళ్ళాయన లోతు చూసిన పాత తాడట, పోర్టులో పనికిరాదంటే ఇంటికి తెచ్చుకున్నారట. చీకట్లో కూడా చేత్తో తడిమి లోతు చెప్పడానికి ఆ ముక్కలు. రెండు తోలుముక్కలున్న చోటు రెండు ఫాదమ్‌లు, మూడు ముక్కలున్న చోటు మూడు.

"ఈ రెంటి మధ్యా ఒక్కటి. చాపు చేతులు" అంది.

పిక్కలు వరండా గోడ మీద పోసి, ఎడమచేత్తో రెండు ముక్కలున్న చోటు పట్టుకున్నాను. కుడిచెయ్యి చాపాను. మూడు ముక్కలున్న చోటు అందలేదు. మునివేళ్ళ మీద నిలబడ్డాను, దానికీ దీనికీ సంబంధం లేదని తెలియక. ఛాతీ ముందుకి నెట్టాను. నా వేలి కొసకీ ఆ తోలుముక్కలకీ మధ్య రెండు జానలకి పైనే ఖాళీ ఉంది.

ఆ ఖాళీని నేను ఇప్పటికీ చూడగలను. సబ్బు వాసన వేస్తున్న తడి తాడు, దాని మీద మధ్యాహ్నపు వెలుగు. బారకింత చొప్పున ఇరవైసార్లు తగ్గిన తాడుతో రాయి నేలే తాకలేదు; అమ్మమ్మ వల జారిపోయిన కంత అదే. అప్పుడొచ్చింది ఏడుపు. రెండు రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. చెయ్యి తగిలి పిక్కలన్నీ వరండాలో దొర్లిపోయాయి. టీచరమ్మ ఏమీ అడగకుండా నన్ను దగ్గరికి తీసుకుని, నేను ఎక్కిళ్ళ మధ్య చెప్పిందంతా విని, చివరికి పిక్కలు ఏరి, ఆ తాడు చుట్ట చుట్టి, రెండూ నా చేతిలో పెట్టింది. తను వచ్చి చెబుతానని అనలేదు. "నువ్వే చూపించు" అంది. ఆవిడ తడిబట్టలు వరండా గోడ మీదే ఉండిపోయాయి.

తాతయ్య నావ నీడలో కూర్చుని ఉన్నాడు. నావకి అటువైపు మావయ్య దాన్ని తోముతున్నాడు, ఎల్లుండి నుంచి తాకనివ్వరని తెలిసీ. చెబితే తాతయ్య నన్ను ఇంక దగ్గరికి రానివ్వడనుకున్నాను. చెప్పకపోతే మావయ్యకి సముద్రం ఉండదు. పిక్కలు ఆయన ముందు ఇసకలో పోశాను.

"తాడు నానే కొలిసినాను తాతా. ఆ ఇరవై నా బారలు."

తాతయ్య పిక్కల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను టీచరమ్మ తాడు విప్పి, తోలుముక్కల మధ్య చేతులు చాపి, మిగిలిపోయిన ఖాళీని చూపించాను. అటువైపు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"నువ్వెక్కడున్నావురా అప్పుడు?" అన్నాడు తాతయ్య.

నావ అవతలి నుంచి జవాబొచ్చింది. "సినిమాకెల్నాను."

అల ఒకటి వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చి వెళ్ళింది. అప్పుడు తాతయ్య, అదే గొంతుతో, "బాగుందేటి?" అన్నాడు.

"సగానికి నిద్దరొచ్చీసింది నాన్నా."

తాతయ్య మూతి వంకర తిరిగింది. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు ముందు అర్థం కాలేదు, ఎందుకంటే కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా రెండు చేతులూ తన ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నిమిరాడు. "ఇరవై ఉందా అనడిగినాను. ఎవుల బార అనడగలేదు. పేటందర్నీ అడుగుతాను, మనింట్లో అడగలేదు" అన్నాడు. అది నాకు చెప్పాడో, మావయ్యకి చెప్పాడో, పోయిన అమ్మమ్మకే చెప్పాడో తెలియదు. తర్వాత నావ వైపు తిరిగి, "ఇటు రారా. తాడు కొలవాల. నా సెయ్యి లెగదు, నువ్వట్టుకో" అన్నాడు.

మావయ్య వచ్చాడు. తాతయ్య ఎడమచెయ్యి తనంతట తనే చాపాడు. కుడిచేతి కింద మావయ్య తన చెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపాడు. నొప్పికి తాతయ్య పళ్ళు బిగించాడు గానీ వద్దనలేదు. ముందు టీచరమ్మ తాడు మీద చూశారు. తాతయ్య బార ఆ తోలుముక్కల్ని దాటి నాలుగు వేళ్ళు బయటికొచ్చింది. ఇంగ్లీషువాళ్ళ మాట గురించి టీచరమ్మ చెప్పిందంతా నేను అప్పగించేసరికి, "ఆళ్ళకీ బారేనేటి! మనది నాలుగు యేళ్ళు పెద్దదే" అని ఆయన మురిసిపోయాడు.

తర్వాత కొత్త తాడు తీసుకున్నారు. తాతయ్య చెయ్యి లేపడానికి మావయ్య వెనకనించి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేయాల్సి వచ్చింది. ఒక బార. దించి, మళ్ళీ చుట్టి, రెండో బార. అలా ఇరవైసార్లు. తండ్రీకొడుకులు అంత దగ్గరగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. మాటలు లేవు, లెక్క మాత్రమే ఉంది. టీచరమ్మ చెప్పిన మాట కన్నవారింటికి తిరిగొచ్చిందని నాకు తోచింది. అయిపోయాక అదే తాడుని నా చేత కొలిపించాడు తాతయ్య. నావి ఇరవై ఎనిమిది అయ్యాయి. ఆయన ఇసకలోంచి ఎనిమిది గవ్వలు ఏరి నా పిక్కల పక్కన పెట్టాడు.

సోమవారం మావయ్య పోర్టుకి వెళ్ళలేదు. ఎవరో ఎరువిచ్చిన పాత వల వేసుకుని నావ మీదే వెళ్ళాడు, చుక్కాని పట్టుకుని. తాతయ్య ఒడ్డున కూర్చుని చూశాడు. అమ్మమ్మ వల మాత్రం తిరిగి రాలేదు. చాలా ఏళ్ళు నేను అది ఇంకా నీళ్ళ లోపల తేలుతూ వెళ్తోందనీ, అమ్మమ్మ వేళ్ళంత సందుల్లోంచి చిన్న చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయనీ అనుకునేదాన్ని. ఇప్పుడూ అప్పుడప్పుడూ అనుకుంటాను.

పెద్దయ్యాక నాకు స్టీలు ప్లాంటు స్టోర్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంతా ఉక్కు టేపుతోనే గడిచిపోయింది, అక్కడ ఎవరి బార అని అడిగితే నవ్వుతారు. నా పెళ్ళికి అందరూ స్టీలు సామాను తెస్తే, టీచరమ్మ, నేను అప్పుడే తిరిగిచ్చేసిన ఆ తోలుముక్కల తాడుని కాగితంలో చుట్టి తెచ్చింది. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమనాలో తెలియక జాగ్రత్తగా లోపల పెట్టారు.

మొన్న వానాకాలంలో మావయ్యకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు సబ్బవరం వైపు కొత్త కాలనీలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు, సముద్రం చప్పుడు వినబడని చోట. మాట పోయింది. ఎవరినీ గుర్తుపట్టడం లేదనీ, చూసినా లాభం లేదనీ అందరూ ముందే నాతో చెప్పారు. వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఎన్ని కబుర్లు చెప్పినా కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. నాకు భయమేసింది, కోపం కూడా వచ్చింది. ఇంక చెప్పడానికి ఏమీ మిగలక, లేచి నిలబడి రెండు చేతులూ చాపాను.

కళ్ళు దిగి నా మీదకి వచ్చాయి. ఎడమచెయ్యి దుప్పటిలోంచి మెల్లగా పక్కకి చాచుకుంది. కుడిచెయ్యి రాలేదు. దాని కింద నా చెయ్యి పెట్టి నేనే లేపి పట్టుకున్నాను. అప్పుడు ఎడమచేతి వేళ్ళు కదిలాయి. ముందు రెండు. తర్వాత అయిదు. తర్వాత మూడు. రెండు పక్కన ఎనిమిది, ఆ రోజు నేను కొలిచిన బారలు. ఇరవై ఎనిమిది. నేను వంగి ఆయన్ని చేతులతో చుట్టేసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఆ పాత తాడు మా బాల్కనీలో కట్టి ఉంది. బట్టలు ఆరేసినప్పుడు, ఇంట్లో ఎవరూ చూడకుండా, రెండు తోలుముక్కల దగ్గర ఒక చెయ్యి పెట్టి మూడు ముక్కల వైపు రెండో చెయ్యి చాపుతాను. నాకిప్పటికీ అందదు. జానెడు మిగిలిపోతుంది. ఫలానా మనిషి ఇంతే, అంతకన్నా లోతు లేదు అనే మాట నా నోటిదాకా వచ్చినప్పుడల్లా, ఆ జానెడు ఖాళీ వైపు ఒకసారి చూసి, ఎవరి బార అని నన్ను నేనే అడుగుతాను.